గద్దర్ పేరు తీసుకున్న ప్రభుత్వానికి: ఆయన పాటల బాధ్యత కూడా తీసుకోండి

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి గారికి, భాషా సాంస్కృతిక శాఖ, హోం శాఖ అధికారులకు,

నమస్కారం.

మేం మెదక్, సిద్దిపేట జిల్లాల పల్లెల్లో డప్పు కొట్టేవాళ్లం, పాట పాడేవాళ్లం, ఆ పాట వింటూ పెరిగినవాళ్లం. గద్దర్ పాటల పాత కేసెట్ల గురించి, ఆయన మీద జరిగిన కాల్పుల కేసు గురించి, ఇవాళ పల్లెల్లో పాడుతున్నవాళ్ల కష్టాల గురించి ఒక వినతిపత్రం రాసి, సంబంధిత కార్యాలయంలో ఇచ్చాం. అందినట్టు ముద్ర వేసి రసీదు ఇచ్చారు. ఆ తర్వాత ఏమైందని అడగడానికి వెళ్తే ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు పంపారు. చివరికి ఫైలు పైకి వెళ్లిందన్నారు. పైన ఎవరి దగ్గర ఉందో మాత్రం చెప్పలేదు. అడిగీ అడిగీ ఇక లాభం లేదని, అందరూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాం.

మీరు చేసిన మంచిని ముందే ఒప్పుకుంటాం. 2024 జనవరి 31న గద్దర్ జయంతి సభలో నంది అవార్డుల స్థానంలో గద్దర్ పేరుతో అవార్డులు ఇస్తామని ముఖ్యమంత్రి గారు ప్రకటించారు. 2025 జూన్ 14న హైటెక్స్‌లో ఆ వేడుక ఘనంగా జరిగింది. ఆయన కుమార్తెకు ప్రభుత్వ కళాకారుల సంస్థ తెలంగాణ సాంస్కృతిక సారథి బాధ్యత అప్పగించారు. పద్మ పురస్కారానికి ఆయన పేరు కేంద్రానికి పంపారు. వీటికి మా కృతజ్ఞతలు.

కానీ అవార్డు మీద పేరు చెక్కినంత మాత్రాన ఆ మనిషి చేసిన పని బతకదు. ఆయన పాటలు ఉన్న టేపులు బూజు పట్టి పోతున్నాయి. ఆయన మీద తూటాలు పేల్చింది ఎవరో ఈ రోజుకీ తేలలేదు. ఆయన ఏ గొంతుల మధ్య నుంచి లేచి వచ్చాడో ఆ గొంతులకు ఇప్పటికీ ఒక మైకు పర్మిషన్ దొరకడం కష్టంగానే ఉంది. పేరు తీసుకున్న ప్రభుత్వం ఈ మూడింటి బాధ్యతా తీసుకోవాలి. మేం అడిగేది అదే.

గద్దర్ అంటే ఇప్పటి పిల్లల్లో చాలామందికి ఒక సినిమా అవార్డు పేరు. అందుకని కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి. గుమ్మడి విఠల్‌రావు మా తూప్రాన్‌లో ఒక దళిత కుటుంబంలో పుట్టాడు. ఇంజినీరింగ్ చదువు మధ్యలో ఆగింది. మొదట్లో బుర్రకథ దళం కట్టుకుని కుటుంబ నియంత్రణ లాంటి సర్కారు ప్రచారాలకే పాడాడు. అక్కడి నుంచి సినిమా దర్శకుడు బి. నర్సింగరావు లాంటి వాళ్ల సావాసంలోకి వచ్చాడు. 1972లో మొదలైన విప్లవ కళాకారుల సంఘం జన నాట్యమండలిలో పాటగాడయ్యాడు. బ్రిటిష్ పాలన మీద పోరాడిన గదర్ పార్టీ గుర్తుగా పాటల పుస్తకానికి పెట్టుకున్న పేరే చివరికి ఆయన పేరైపోయింది. 1975లో కెనరా బ్యాంకులో ఉద్యోగం వస్తే చేశాడు. 1984లో దాన్ని వదిలేశాడు. ఇంట్లో పిల్లలున్న మనిషి బ్యాంకు ఉద్యోగం వదులుకోవడం అంటే ఏమిటో మా పల్లెల్లో ఎవరినడిగినా చెబుతారు.

గోచి, గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర. ఆ వేషం ఎక్కడి నుంచో అరువు తెచ్చుకున్నది కాదు. మా గొల్లలది, మా మాదిగలది, మా కూలీలది. చదువుకున్నవాళ్లు సిగ్గుపడి దాచుకున్న ఆ బట్టలతోనే ఆయన స్టేజీ ఎక్కి నిలబడ్డాడు. బాణీలు కూడా అంతే. నాటేసేటప్పుడు పాడే పాట, ఉయ్యాల పాట, చనిపోయినవాళ్ల మీద పడి ఏడ్చే ఏడుపు పాట, యక్షగానం నడక, ఒగ్గుకథలోని పలుకు. ఇవన్నీ తీసుకుని వాటిలో కొత్త మాటలు పోశాడు. 'మా భూమి' సినిమాలో ఆయన పాడిన 'బండెనక బండి కట్టి' పాట తెలంగాణ సాయుధ పోరాటంలో అమరుడైన బండి యాదగిరిది. ఈ సంగతి కూడా ఇప్పుడు చాలామందికి తెలియదు. పాట గద్దర్‌ది అనుకుంటారు. దీని గురించి కింద మళ్లీ చెబుతాం.

1985లో కారంచేడులో దళితులను ఊచకోత కోశారు. దాని మీద గొంతెత్తి పాడిన గద్దర్ ఆ తర్వాత అజ్ఞాతంలోకి వెళ్లిపోయాడు. 1990 ఫిబ్రవరిలో బయటికి వచ్చి నిజాం కాలేజీ మైదానంలో పాడితే లక్షలమంది వచ్చారు. అప్పట్లో మా పల్లెల నుంచి లారీలెక్కి వెళ్లినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. టీవీలో ప్రకటన లేదు, డబ్బిచ్చి తెచ్చిన జనం కాదు. కేసెట్ విని వచ్చిన జనం. ఒక పాటగాడి కోసం అంతమంది కదిలిన రోజు ఈ నేల మీద ఇంకోటి ఉందా అని మాకు అనుమానమే.

1997 ఏప్రిల్ 6న అల్వాల్ వెంకటాపురంలోని ఇంటికి వచ్చి ఆయన మీద కాల్పులు జరిపారు. డాక్టర్లు తూటాలు తీశారు గానీ ఒక్కటి మాత్రం తీయలేకపోయారు. తీస్తే ప్రాణానికే ప్రమాదమన్నారు. 2023 ఆగస్టు 6న చనిపోయేదాకా, అంటే 26 ఏళ్ల 4 నెలలు, ఆ తూటాను ఒంట్లో పెట్టుకునే ఆయన ఎగిరాడు, దుంకాడు, పాడాడు. 2002లోనూ 2004లోనూ ప్రభుత్వానికీ నక్సలైట్లకూ మధ్య చర్చల కోసం నడిచాడు. తెలంగాణ ఉద్యమంలో 'పొడుస్తున్న పొద్దు' పాటతో ఊరూరా తిరిగాడు.

ఆయన చుట్టూ ఉన్న వివాదాలను దాచిపెట్టమని మేం అడగడం లేదు. దాచిపెడితే అది ఆయనకు అన్యాయం, మాకూ అన్యాయం. ఆయన సాయుధ పోరాటాన్ని సమర్థించి పాడాడు. ఆ పోరాటంలో పోలీసులు చనిపోయారు, ఇన్‌ఫార్మర్లన్న పేరుతో మామూలు మనుషులు చనిపోయారు. ఆయనకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు చేసినప్పుడు అలాంటి కుటుంబాల తరఫున నిరసన వచ్చింది. ఆ బాధ అబద్ధం కాదు. మా పల్లెల్లోనే ఎన్‌కౌంటర్‌లో కొడుకును పోగొట్టుకున్న తల్లీ, కానిస్టేబుల్ కొడుకును పోగొట్టుకున్న తల్లీ రెండు వీధుల దూరంలో ఉన్నారు. ఇద్దరి ముందూ నిలబడి మాట్లాడగలిగే చరిత్ర రాయాలి తప్ప, ఒకరి మీదికి ఇంకొకరిని ఎగదోసేది కాదు.

ఎడమ వైపు మిత్రులకూ ఆయన మీద కోపం ఉంది. నక్సలైట్ పార్టీతో తెగతెంపులు చేసుకున్నాడని, 2017లో గుళ్లకు వెళ్లాడని, ఎన్నికలను బహిష్కరించమని దశాబ్దాల పాటు పాడినవాడు 2018లో జీవితంలో మొదటిసారి ఓటేశాడని, 2023 జులైలో ఖమ్మం సభలో రాహుల్ గాంధీని కౌగిలించుకున్నాడని. అదే ఏడాది తన పేరుతో ఒక పార్టీ కూడా ప్రకటించాడు. వీటిలో మాకు నచ్చినవి ఉన్నాయి, నచ్చనివి ఉన్నాయి. ఆయన బతికుండగా మా వాళ్లు ఆయన ముఖం మీదే అడిగారు, ఆయన కోప్పడకుండా విన్నాడు. ఒక మనిషి 50 ఏళ్లు జనం మధ్య పాడితే మారకుండా ఎలా ఉంటాడు? మారిన గద్దర్‌ను ఒక పార్టీ, మారకముందు గద్దర్‌ను ఇంకో పార్టీ పంచుకుంటున్నాయి. మొత్తం మనిషి మాకు కావాలి.

ఇక ప్రజలకు జరుగుతున్న నష్టం ఏమిటో చెబుతాం.

1. పాటలు కరిగిపోతున్నాయి. ఇది మాటవరసకు అంటున్నది కాదు. కేసెట్‌లోని టేపు అంటే సన్నటి ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంత పొడి పూసిన పూత. మన వానాకాలం తేమకు ఆ పూత మీద తెల్లటి బూజు వస్తుంది. జిగురు వదిలి పూత రాలిపోతుంది. బూజు పట్టిన టేపును అలాగే ప్లేయర్‌లో పెడితే, టేపును చదివే హెడ్డుకు అంటుకుని తెగిపోతుంది. 1980ల్లో పాటల కేసెట్లు ఇంట్లో దొరికితే పోలీసులు కేసు పెడతారన్న భయంతో మా వాళ్లు వాటిని ధాన్యం గుమ్ముల్లో, పశువుల కొట్టం చూరులో, మట్టిలో దాచారు. అలా దాచినవే ఇప్పుడు మిగిలినవి. వాటిలో సభలో పాడిన పాటలున్నాయి, పాటకు ముందు ఆయన చెప్పిన మాటలున్నాయి, వెనక వంత పాడిన ఆడవాళ్ల గొంతులున్నాయి. స్టూడియో రికార్డుల్లో ఇవి దొరకవు. వాటిని దాచిన మనుషులకు ఇప్పుడు 70 ఏళ్లు దాటాయి. వాళ్లు పోయాక ఇల్లు సర్దేటప్పుడు ఆ కేసెట్లు చెత్తలోకి పోతాయి. ఇప్పటికే పోతున్నాయి.

దీనికి కోట్లు అక్కర్లేదు. గంట కేసెట్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి గంట పడుతుంది, తొందరపెడితే కుదరదు. ముందు బూజు శుభ్రం చేయాలి, హెడ్డు సరిచేయాలి, పక్కన కూర్చుని వినాలి. ఇది తెలిసిన మనిషి కావాలి, ఓపిక కావాలి. ప్రపంచంలో సౌండ్ ఆర్కైవులు వాడే 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ నాణ్యతతో దాచినా గంట పాట రెండు జీబీలకు కాస్త ఎక్కువ, అంతే. వెయ్యి గంటల పాట అయినా నాలుగు టెరాబైట్ల హార్డ్ డిస్క్‌లో పడుతుంది. అది హైదరాబాద్‌లో ఏ కంప్యూటర్ షాపులోనైనా దొరుకుతుంది. ఒక సినిమా అవార్డుల వేదిక మీద వేసిన లైట్ల ఖర్చులో ఎంత భాగం దీనికి సరిపోతుందో అధికారులే లెక్క వేసి చూడాలి.

2. ఎవరి పాట ఎవరిదో తెలియకుండా పోతోంది. 'ఊరు మనదిరా ఈ వాడ మనదిరా' గూడ అంజయ్య రాసిన పాట. 'బండెనక బండి' సంగతి పైన చెప్పాం. ఇలాంటి పాటలను యూట్యూబ్‌లో గద్దర్ పేరు మీద పెట్టేస్తున్నారు, గద్దర్ రాసినవాటిని ఇంకెవరి పేరు మీదో పెడుతున్నారు. పేరు తెలియని ఎందరో ఆడకూలీలు బాణీలిచ్చారు, వాళ్ల పేర్లు అసలే లేవు. కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కు కుటుంబానిది. అంటే గద్దర్ సొంతంగా రాసిన పాటల మీద 2083 చివరి వరకు హక్కు ఉంటుంది. అది తెలియక పల్లె దళాలు పాడి రికార్డు పెడితే వీడియో తీసేస్తున్నారు. తెలిసిన కంపెనీలు మాత్రం తమ ఛానల్‌లో పెట్టుకుని డబ్బు చేసుకుంటున్నాయి. పల్లె బిడ్డ బడి వార్షికోత్సవంలో ఆ పాట పాడటానికి భయపడే పరిస్థితి రాకూడదు. ప్రభుత్వం ఆ కుటుంబంతో కూర్చుని మాట్లాడితే దీనికి దారి దొరుకుతుంది.

3. పాడేవాళ్లకు బతుకు లేదు. సాంస్కృతిక సారథిలో ఉద్యోగాలు వచ్చిన కళాకారులు కొన్ని వందలమంది ఉన్నారు. వాళ్లకు జీతం వస్తున్నందుకు మాకు సంతోషం. ఆ ఉద్యోగం ప్రభుత్వ పథకాల ప్రచారం కోసం. అది కూడా అవసరమే, గద్దర్ మొదలుపెట్టింది కూడా అక్కడే. కానీ ఆ జీతం తీసుకుంటూ ధాన్యం కొనుగోలు ఆలస్యమైందనో, ఊళ్లో బెల్టు షాపు మూయించమనో పాడటం కుదరదు. ఆ పాట పాడేది బయట ఉన్నవాళ్లే. బయట ఉన్నవాళ్లు పగలు కూలికి పోయి రాత్రి పాడుతున్నారు. డప్పు కొట్టే మా అన్నలకు 50 ఏళ్లు వచ్చేసరికి భుజం పని చేయదు. గొంతు పోయినవాళ్లకు వేరే పని రాదు. గద్దర్ పేరుతో ఇచ్చిన అవార్డులు సినిమా హీరోలకు, హీరోయిన్లకు, దర్శకులకు దక్కాయి. వాళ్ల ప్రతిభను మేం తక్కువ చేయడం లేదు. కానీ ఆ పేరు పెట్టాక, మట్టి మీద పాడే ఒక్క దళానికైనా ఆ వేదిక మీద చోటు ఉండొద్దా? 'ఒరేయ్ రిక్షా' సినిమాకు రాసిన పాటకు వచ్చిన నంది అవార్డును గద్దర్ తిరస్కరించాడు. ఆ తిరస్కారానికి గౌరవం ఇవ్వాలంటే సినిమా బయట ఉన్న పాటకు జాగా ఇవ్వాలి.

4. భయం ఇంకా పోలేదు. మా వాళ్లు సంతలో గాని, చౌరస్తాలో గాని పాడాలంటే మైకు పర్మిషన్ కోసం స్టేషన్‌కు వెళ్లాలి. ఏం పాడతారు, ఎవరి మీద పాడతారు, రాసివ్వండి అంటారు. రాసిస్తే పర్మిషన్ రాదు, రాయకపోతే అసలే రాదు. పాటకు, మాటకు కేసులు పెట్టే అలవాటు ఏ ఒక్క పార్టీ ప్రభుత్వానిదో కాదు. 2015లో తమిళనాడులో మద్యం షాపుల మీద పాట పాడినందుకు కోవన్ అనే జానపద గాయకుణ్ణి రాజద్రోహం కేసులో అరెస్టు చేశారు. 2025 మార్చిలో మన హైదరాబాద్‌లోనే, ముఖ్యమంత్రిని విమర్శించిన ఒక రైతు వీడియో పెట్టినందుకు ఇద్దరు మహిళా జర్నలిస్టులను అరెస్టు చేశారు. అదే నెల 28న సుప్రీంకోర్టు ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో ఒక కవిత మీద పెట్టిన ఎఫ్ఐఆర్‌ను కొట్టివేసింది. మూడు నుంచి ఏడేళ్ల లోపు శిక్ష ఉండే ఇలాంటి మాటల కేసుల్లో ఎఫ్ఐఆర్ కన్నా ముందు ప్రాథమిక విచారణ చేయడమే సరైన పద్ధతి అని చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన ఇద్దరు జడ్జిల్లో ఒకరైన జస్టిస్ ఉజ్జల్ భూయాన్ అంతకుముందు మన తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి. మన రాష్ట్రం తెలిసిన జడ్జి చెప్పిన ఆ మాట మన ఎస్ఐల దాకా చేరిందా?

5. కాల్చినవాళ్లెవరో తేలకపోవడం అన్నిటికన్నా పెద్ద గాయం. పాటగాణ్ణి కాల్చినా ఏమీ కాదు అన్నది 1997 నుంచి మా పిల్లలు నేర్చుకున్న పాఠం. రెండేళ్లకే, 1999లో, భువనగిరిలో తెలంగాణ గాయని బెల్లి లలితను నరికి 17 ముక్కలు చేశారు. ఆ వార్త విన్న రోజు మా ఊళ్లలో ఎంతమంది తల్లులు తమ ఆడపిల్లలను పాటకు పోవద్దని ఆపేశారో లెక్క లేదు. దళాల్లో ఆడగొంతు తగ్గిపోవడం అక్కడి నుంచే మొదలైందని మా పెద్ద పాటగత్తెలు అంటారు.

ఇంత పాత కేసు ఇప్పుడెందుకు అని మాకు ఒకచోట అన్నారు. దానికి జవాబు చిలీ దేశంలో ఉంది. అక్కడ విక్టర్ హారా అనే గాయకుడు గిటార్ పట్టుకుని పేదల పాటలు పాడేవాడు. 1973 సెప్టెంబర్‌లో సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు ఆయన్ను సాంటియాగోలో ఒక స్టేడియంలో బంధించి, హింసించి, కాల్చి చంపారు. ఒంటి మీద 40కి పైగా తూటా గాయాలు. అక్కడి ప్రభుత్వం 2003లో ఆ స్టేడియానికి ఆయన పేరే పెట్టింది. అంతటితో ఊరుకోలేదు. ఆయన భార్య జోన్ హారా దశాబ్దాల పాటు పోరాడింది, కోర్టులు కేసు నడిపాయి. 2018లో మాజీ సైనికాధికారులకు శిక్ష పడింది. 2023 ఆగస్టులో చిలీ సుప్రీంకోర్టు ఏడుగురి శిక్షను ఖరారు చేసింది. అమెరికాకు పారిపోయి అక్కడి పౌరుడిగా బతికిన ఇంకో మాజీ అధికారిని ఆ ఏడాది డిసెంబర్‌లో వెనక్కి పంపించారు. నేరం జరిగి 50 ఏళ్లు. గద్దర్ మన మధ్య నుంచి వెళ్లిపోయింది కూడా ఆ 2023 ఆగస్టులోనే. చిలీ 50 ఏళ్ల తర్వాత చేయగలిగినప్పుడు మనం 30 ఏళ్లు కూడా నిండని కేసును పాతదని ఎలా అంటాం? మన చట్టంలో కూడా మూడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు కాలపరిమితి అడ్డు లేదు. హత్యాయత్నం అలాంటి నేరమే.

అందువల్ల మా డిమాండ్లు ఇవి.

1. 1997 ఏప్రిల్ 6 కాల్పుల కేసు ఫైలు ఇప్పుడు ఏ స్థితిలో ఉందో హోం శాఖ బహిరంగంగా చెప్పాలి. తదుపరి దర్యాప్తు కోసం కోర్టును ఆశ్రయించాలి. ఎవరి ప్రభుత్వంలో జరిగింది, ఎవరికి ఇబ్బంది అన్న లెక్క పెట్టుకోకుండా, అప్పటి సాక్షులు బతికుండగానే వాళ్ల వాంగ్మూలం తీసుకోవాలి.

2. గద్దర్‌తో పాటు ఆయన తరం పాటగాళ్లందరి పాటల కోసం ప్రభుత్వ ఖర్చుతో ఒక ఆర్కైవ్ పెట్టాలి. ఇందులో మాకు కొన్ని షరతులు ఉన్నాయి, ఇవి లేకపోతే అది ఇంకో బిల్డింగ్ అవుతుంది తప్ప ఆర్కైవ్ కాదు. మనుషులను హైదరాబాద్ రమ్మనకుండా మొబైల్ యూనిట్ పల్లెలకు రావాలి. కేసెట్ తీసుకున్నచోటే రసీదు ఇవ్వాలి, ఎక్కించాక కేసెట్ కాపీతో సహా తిరిగి ఇంటికి చేర్చాలి. ఒకప్పుడు ఇవే కేసెట్లు ఇంట్లో ఉన్నందుకు దెబ్బలు తిన్నవాళ్లు ఉన్నారు కాబట్టి, ఇచ్చిన ఎవరి మీదా ఎలాంటి కేసు ఉండదని రాతపూర్వకంగా హామీ కావాలి. ప్రతి పాట పక్కన రాసినవారు, బాణీ ఇచ్చినవారు, వంత పాడినవారు, పాడిన ఊరు, పాడిన ఏడాది రాయాలి. తెలియకపోతే తెలియదని రాయాలి, ఊహించి రాయొద్దు. మాకు ఇష్టం లేని పాటలను గాని, ప్రభుత్వాలకు ఇష్టం లేని పాటలను గాని కత్తిరించొద్దు. నక్సలైట్ ఉద్యమాన్ని పొగిడిన పాట ఉంటుంది, తర్వాత అంబేడ్కర్ మీద, బుద్ధుడి మీద పాడిన పాటా ఉంటుంది. పరిశోధకులకు, విద్యార్థులకు ఉచితంగా వినే ఏర్పాటు ఉండాలి.

3. గద్దర్ కుటుంబంతోనూ మిగతా రచయితల కుటుంబాలతోనూ ఒప్పందం చేసుకుని, బడుల్లో, పల్లె దళాల్లో, డబ్బు వసూలు చేయని సభల్లో ఆ పాటలు స్వేచ్ఛగా పాడుకునే వీలు కల్పించాలి. వ్యాపారం చేసే కంపెనీల నుంచి మాత్రం ఆ కుటుంబాలకు రావాల్సింది రావాలి.

4. గద్దర్ అవార్డుల్లో వీధి నాటకం, డప్పు, ఒగ్గుకథ, బుర్రకథ, చిందు యక్షగానం, ప్రజా పాటల దళాలకు విభాగాలు చేర్చాలి. ఎంపిక కమిటీలో సగంమంది ఆ కళల వాళ్లే ఉండాలి. అవార్డు ఒక్కరోజు సన్మానంతో ఆగకుండా దళానికి ఏడాది పాటు ప్రదర్శన ఖర్చు ఇవ్వాలి.

5. సాంస్కృతిక సారథి బయట ఉన్న వృద్ధ కళాకారులకు పింఛను, ఆరోగ్య కార్డు కావాలి. గుర్తింపు కోసం మండలంలో పాటగాళ్లతోనే ఒక కమిటీ వేయండి. ఎవరు 30 ఏళ్లుగా పాడుతున్నారో ఊరికి తెలుసు, సర్టిఫికెట్ అడిగితే వాళ్ల దగ్గర ఉండదు.

6. ప్రతాప్‌గఢీ తీర్పును తెలుగులోకి అనువదించి ప్రతి పోలీస్ స్టేషన్‌కు పంపాలి. వీధి ప్రదర్శనకు ముందుగా పాటల సాహిత్యం రాసివ్వమనడం ఆపాలి. పాడినందుకు, పాటల పుస్తకం పెట్టుకున్నందుకు ఉన్న పాత కేసులను సమీక్షించి ఎత్తేయాలి.

7. బడి పుస్తకాల్లో గద్దర్ మీద ఒక పాఠం పెట్టండి. అందులో నిజాం కాలేజీ సభ ఉండాలి, తూటా ఉండాలి, ఆయన్ను ప్రేమించనివాళ్ల బాధ కూడా ఉండాలి, 2018లో వేసిన ఓటు కూడా ఉండాలి. పిల్లలు చదివి వాదించుకుంటారు. వాదించుకోనివ్వండి.

పద్మ పురస్కారం గురించి కేంద్రానికీ రాష్ట్రానికీ మధ్య 2025 జనవరిలో నడిచిన మాటల యుద్ధంలోకి మేం వెళ్లదలచుకోలేదు. బతికుండగా ఆయన అవార్డుల వెంట పడలేదు. మాకు కావలసింది కేసెట్లు, కేసు ఫైలు, మైకు పర్మిషన్.

చదువరులకు ఒక్క మాట. మీ ఇంట్లో, మీ నాన్న ట్రంకు పెట్టెలో, మీ అమ్మమ్మ ఊళ్లో జన నాట్యమండలి కేసెట్లు గాని, అరుణోదయ అనే పాటల సంఘం కేసెట్లు గాని, చేత్తో రాసుకున్న పాటల నోటు పుస్తకాలు గాని ఉంటే దయచేసి పారేయకండి. బూజు పట్టి ఉంటే ప్లే చేయకండి, తుడవకండి. పొడిగా ఉండే చోట, టీవీకి స్పీకర్లకు దూరంగా, నిలువుగా పెట్టండి. నోటు పుస్తకాలను పేజీ పేజీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టండి. రాసినవాళ్లు బతికి ఉంటే వాళ్ల చేత ఒకసారి పాడించి రికార్డు చేయండి, ఏ ఊరు, ఏ ఏడాది అని వాళ్ల నోటితోనే చెప్పించండి. ప్రభుత్వం కదిలేలోపు మన చేతుల్లో ఉన్న పని ఇది. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు తమ ఇళ్లలోని పెద్దలకు ఫోన్ చేసినప్పుడు ఈ కేసెట్ల గురించి ఒకసారి అడగాలని కోరుతున్నాం. వెళ్లేటప్పుడు కొందరు కేసెట్లు వెంట తీసుకెళ్లారు. పొడి దేశాల్లో ఉన్నాయి కాబట్టి అవి ఇక్కడివాటికన్నా బాగా ఉండొచ్చు.

ముఖ్యమంత్రి గారూ, మా వినతిపత్రం నకలు మళ్లీ పంపుతున్నాం. వచ్చే జనవరి 31, గద్దర్ జయంతి నాటికి పై ఏడు డిమాండ్లలో దేనికి అవును, దేనికి కాదు, ఎందుకు కాదు అన్నది రాతపూర్వకంగా చెప్పండి. 'పరిశీలనలో ఉంది' అన్న జవాబును జవాబుగా తీసుకోం. ఆ రోజు వరకు సమాధానం రాకపోతే డప్పులతో తూప్రాన్ నుంచి అల్వాల్‌లోని ఆయన సమాధి దాకా పాడుకుంటూ నడుస్తాం. దారి పొడవునా ప్రతి ఊళ్లో ఆగి ఈ లేఖ చదివి వినిపిస్తాం. ఆ నడకకు పర్మిషన్ దరఖాస్తు కూడా ఈ లేఖతో పాటే జత చేస్తున్నాం.

ఇట్లు,
మెదక్, సిద్దిపేట జిల్లాల పాటగాళ్లు, డప్పు కళాకారులు, శ్రోతలు